ఆ లైన్ దాటాక ఫ్రేమ్ ఎవరిది?

కారు స్టీరింగ్ కింద, మోకాలు తగిలే చోట ఒక ప్లాస్టిక్ సాకెట్ ఉంటుంది. ఎప్పుడైనా చూశారా? సర్వీసింగ్‌కి ఇస్తే మెకానిక్ స్కానర్ గుచ్చేది అందులోనే. దాని 16 పిన్నుల్లో 6, 14 నంబర్ల దగ్గరికి మెలితిప్పిన రెండు సన్నటి వైర్లు వస్తాయి. ఇంజిన్, బ్రేకులు, ఎయిర్‌బ్యాగ్, డాష్‌బోర్డ్ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఇలాంటి జంట వైర్ల మీదే. దీని పేరు క్యాన్ బస్. జర్మనీలోని బాష్ కంపెనీ 1983లో పని మొదలుపెట్టి 1986లో లోకానికి చూపించింది. అంటే నాకంటే వయసులో పెద్దది. నా జీతం వచ్చేది మాత్రం దాని మీదే. కార్లలో పెట్టే చిన్న కంప్యూటర్లకి లైనక్స్ డ్రైవర్లు రాయడం, వేరేవాళ్లు రాసినవి రివ్యూ చేయడం నా ఉద్యోగం.

రివ్యూ అంటే ఇంట్లోవాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం నాకింకా రాలేదు. "ఎవరో రాసిన పేపరు దిద్దుతావు, అంతేనా?" అంటుంది అమ్మ. దాదాపు అంతే. కాకపోతే దిద్దినవాడి పేరు కూడా పేపరు కింద పడుతుంది. లైనక్స్‌లో దీన్ని 'రివ్యూడ్-బై' అంటారు. కోడ్ మొత్తం చూశాను, నాకు తెలిసినంతవరకు ఇది లోపలికి వెళ్లడానికి తగినదే అని చెప్పే సంతకం అది. హిస్టరీలో అలాగే ఉండిపోతుంది. మా ఆఫీసులోనూ ఇదే పద్ధతి.

ఆ మధ్య మా టీంలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒక క్యాన్ కంట్రోలర్ చిప్‌కి డ్రైవర్ రాసింది. కాలేజీ నుంచి నేరుగా వచ్చింది, ఇదే తన మొదటి కెర్నెల్ పని. రివ్యూ నాకిచ్చారు. నిజం చెప్తున్నా, కాస్త గాల్లో తేలాను. రెండు గంటలు కూర్చుని 14 కామెంట్లు పెట్టాను. ఈ వేరియబుల్ పేరు బాలేదు, ఇక్కడ ట్యాబ్ బదులు స్పేస్ ఉంది, ఈ కామెంట్‌లో స్పెల్లింగ్ తప్పు. ఇలాంటివే. అన్నీ కంటికి కనిపించేవి.

వాటిలో తొమ్మిదో కామెంట్ మాత్రం వేరు.

దాని గురించి చెప్పాలంటే ఒక చిన్న లెక్క చెప్పాలి. క్యాన్‌లో వెళ్లే ఒక్కో మెసేజ్‌ని ఫ్రేమ్ అంటారు. పాత క్యాన్‌లో ఒక ఫ్రేమ్ మోసేది గరిష్ఠంగా 8 బైట్లు. ఎన్ని బైట్లు ఉన్నాయో చెప్పే చిన్న గడి ఒకటి ఫ్రేమ్ ముందు భాగంలో ఉంటుంది. ఆ గడికి 4 బిట్లు, అంటే 0 నుంచి 15 దాకా ఏ అంకైనా రాయొచ్చు. 9 నుంచి 15 దాకా రాసినా తప్పు కాదు, 8గానే అర్థం చేసుకోమంటుంది స్టాండర్డ్. అంటే అవతలివాళ్లు 13 అని రాసి 8 బైట్లే పంపొచ్చు. డ్రైవర్ ఆ 13ని నమ్మి 8 బైట్ల చోట్లోకి 13 కాపీ చేసిందనుకోండి, మిగతా 5 పక్కనున్న మెమరీ మీదికి పొంగుతాయి. ఆ పక్కన ఏముందన్నది మీ అదృష్టం. ఫోన్‌లో యాప్ పోతే మళ్లీ తెరుచుకుంటాం. కెర్నెల్ పోతే మొత్తం పెట్టె పోతుంది.

ఆ అమ్మాయికి ఇది తెలుసు. 8 దాటితే 8 దగ్గర ఆపే లైన్ ఒకటి రాసింది. దాని మీద నా తొమ్మిదో కామెంట్: "క్యాన్‌లో 8 కంటే ఎక్కువ రాదు కదా. ఈ చెక్ అనవసరం. తీసేయ్."

తీసేసింది. రెండో వెర్షన్ పంపింది. నేను సంతకం పెట్టాను.

మూడు వారాలకి టెస్ట్ బెంచ్ నుంచి ఫిర్యాదు వచ్చింది. బెంచ్ అంటే కారు లేని కారు అనుకోండి. టేబుల్ మీద నాలుగైదు బోర్డులు, రెండు వైర్లు, వైర్ల రెండు చివర్లా చెరో 120 ఓమ్‌ల రెసిస్టర్. రాత్రంతా ఫుల్ ట్రాఫిక్‌లో నడిపి పొద్దున చూస్తే, డ్రైవర్ చెప్పే లెక్కల్లో ఒకటి అసలు కుదరట్లేదు. వచ్చిన ఫ్రేమ్‌లన్నిటినీ 8తో గుణించినా రానన్ని బైట్లు వచ్చినట్టు చూపిస్తోంది.

మా లీడ్ వచ్చి కూర్చున్నాడు. సర్ అంటే ఒప్పుకోడు, అందరికీ అన్నే. ముందు ఎవరినీ ఏమీ అడగలేదు. "బైట్లు ఎక్కువ చూపిస్తోందంటే, పొడవు 8 దాటిందని ఎవరో నమ్మారు" అంటూ కోడ్ తెరిచాడు. కాసేపటికి, "ఇక్కడ 8కి ఆపే లైన్ ఉండాలే, ఏదీ?" అన్నాడు.

ఆ అమ్మాయి స్క్రీన్ వైపే చూస్తోంది. నా వైపు చూడలేదు. 'ఈయనే తీసేయమన్నాడు' అని ఒక్క మాట అంటే అయిపోయేది, అనలేదు. ఏసీ గదిలో నాకు చెమట పట్టింది. "నేనే తీయించాను అన్నా" అన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. తిడితేనే బాగుండేది. "వెనక్కి పెట్టి మళ్లీ నడపండి" అని లేచి వెళ్లాడు.

లైన్ వెనక్కి వచ్చింది. బెంచ్ ఇంకో రాత్రి నడిచింది. పొద్దున మళ్లీ అదే వింత లెక్క.

అప్పుడు మెమరీ తప్పులు పట్టే కేఏశాన్ ఆన్ చేసి కెర్నెల్ మళ్లీ బిల్డ్ చేశాం. అది ఆన్‌లో ఉంటే కెర్నెల్ నత్తలా నడుస్తుంది గానీ అబద్ధం చెప్పడం తక్కువ. కొద్దిసేపట్లోనే లాగ్‌లో లైన్ నంబరుతో సహా దొరికింది: వదిలేసిన మెమరీని చదువుతున్నారు.

నేను రెండు గంటలు చదివిన ఫంక్షన్‌లోనే ఉంది. లైనక్స్ క్యాన్‌ని కూడా వైఫై లాగా ఒక నెట్‌వర్క్ కార్డుగానే చూస్తుంది. ఈ సాకెట్‌క్యాన్ ఫోక్స్‌వ్యాగన్ పరిశోధన విభాగంలో పుట్టి, 2008లో 2.6.25 వెర్షన్‌తో కెర్నెల్‌లోకి వచ్చింది. చిప్ నుంచి ఫ్రేమ్ రాగానే డ్రైవర్ దాన్ని ఒక బఫర్‌లో పెట్టి పైనున్న నెట్‌వర్క్ పొరకి అప్పగిస్తుంది. మన కోడ్‌లో మొదటి లైన్ అప్పగించడం. రెండో లైన్, ఆ ఫ్రేమ్ పొడవు చూసి 'ఇన్ని బైట్లు వచ్చాయి' అని కలుపుకోవడం. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో! పని అయ్యాకే కదా లెక్క రాసుకుంటాం.

లీడ్ మొదటి లైన్ మీద వేలు పెట్టి అడిగాడు: "ఈ లైన్ దాటాక ఈ ఫ్రేమ్ ఎవరిది?"

మనది కాదు. అప్పగించిన క్షణం నుంచి అది పైవాళ్ల సొత్తు. మనం రెండో లైన్‌కి వచ్చేలోపే వాళ్లు పని ముగించి ఆ మెమరీని వదిలేసి ఉండొచ్చు. అయినా తేలిగ్గా ఉన్నప్పుడు టెస్ట్ చేస్తే జవాబు సరిగ్గానే వస్తుంది. అద్దెవాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయినా గోడ మీద వాళ్ల క్యాలెండర్ వేలాడుతూ ఉంటుంది చూశారా, అలా పాత అంకె ఇంకా అక్కడే ఉంటుంది. ట్రాఫిక్ పెరిగితేనే కొత్తవాళ్లు వెంటనే దిగిపోతారు, మనం చదివేది వాళ్ల క్యాలెండర్ అవుతుంది. మందు కూడా సింపులే. రెండు లైన్లూ తారుమారు చేస్తే చాలు. ముందు లెక్క, తర్వాత అప్పగింత.

చిన్న ఊరట ఏంటంటే, అసలు లైనక్స్‌లోనే కొన్ని క్యాన్ డ్రైవర్లలో అచ్చం ఇదే తప్పు చాలాకాలం దాక్కుని, 2021 మొదట్లో వరుస ప్యాచ్‌లతో సర్దుకుంది. వాటిని కూడా నాకంటే ఎంతో అనుభవం ఉన్నవాళ్లే చూసి లోపలికి పంపారు. ఆ వారం నేను ఆ ప్యాచ్‌లు వెతుక్కుని మరీ చదివాను. ఊరట కోసమేనని ఒప్పుకుంటున్నా.

లెక్క తప్పితే ఏం పోయింది, ఎవరి బ్రేకులు పోయాయి అని మీరడగొచ్చు. ఈ తప్పుకి ఎవరివీ పోలేదు. కానీ క్యాన్ ఫ్రేమ్‌లో 'పంపింది ఫలానా' అని తేల్చే గుర్తింపు ఏమీ ఉండదు. వైరు మీదికి వచ్చినదాన్ని అందరూ నమ్ముతారు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు ఇంటర్నెట్‌లోంచి ఒక జీప్ చెరొకీ పాటల సిస్టమ్‌లోకి దూరి, అక్కడినుంచి క్యాన్‌లోకి దిగి, నడుస్తున్న బండిని ఆపి చూపించారు. తర్వాత 14 లక్షల వాహనాలు రీకాల్ అయ్యాయి. వాళ్లు వెళ్లిన దారి వేరే, మా బగ్ వేరే. కానీ ఇంటర్నెట్ ఉన్న పెట్టెకీ ఆ రెండు వైర్లకీ మధ్య కూర్చునేది ఇలాంటి డ్రైవరే.

ఇప్పుడు నేను రివ్యూ మొదలుపెట్టేది అంతా బాగా జరిగే దారిలో కాదు, చెడే దారిలో. మెమరీ దొరక్కపోతే ఎటు వెళ్తుంది, మధ్యలో వైరు పీకితే ఏమవుతుంది, ఏ బఫర్ ఏ లైన్ దాకా మనది. స్పేస్‌లు, ట్యాబ్‌లు చూడ్డానికి స్క్రిప్ట్ ఉంది, దాని పని దాన్ని చేసుకోనిస్తున్నా. 'తీసేయ్' అని రాయడం మానేశాను. 'ఇది ఎందుకు పెట్టావు?' అని రాస్తున్నాను. ఆ రోజు అలా అడిగి ఉంటే ఆ అమ్మాయి నాకు 4 బిట్ల కథ చెప్పేది, నేను తెలిసినట్టు తలూపేవాణ్ని.

తనకి సారీ చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది, అదీ క్యాంటీన్‌లో టీ తాగుతూ. "నాకు డౌటొచ్చింది అన్నా, కానీ సీనియర్ కదా అని తీసేశాను" అంది. ఆ మాట టీ కంటే వేడిగా దిగింది.

పోయిన వారం నేను రాసిన ప్యాచ్ రివ్యూకి పెట్టి, కావాలనే తన పేరు చేర్చాను. క్యాన్‌లో ఒక మంచి నియమం ఉంది. పంపడంలో తప్పు జరిగినప్పుడల్లా బోర్డు తన తప్పుల లెక్కకి 8 కలుపుకుంటుంది, సరిగ్గా పంపితే 1 తగ్గించుకుంటుంది. 255 దాటితే తనంతట తనే బస్ నుంచి తప్పుకుంటుంది. దీన్ని బస్-ఆఫ్ అంటారు. లైనక్స్‌లో మనం ప్రత్యేకంగా సెట్ చేయకపోతే అది దానంతటదే తిరిగి రాదు. నా ప్యాచ్‌కి వచ్చింది ఒకే ఒక్క కామెంట్: "అన్నా, బస్-ఆఫ్ అయ్యాక మళ్లీ ఎవరు స్టార్ట్ చేస్తారు?"

నేను అది ఆలోచించనే లేదు. రెండో వెర్షన్ రాస్తున్నాను.