ముగ్గు పక్కన పచ్చ మరక

పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి ముగ్గు పెట్టేది ఎవరండీ? మనమే కదా! అందుకే ఇంట్లో కారుకి జబ్బు చేస్తే ముందు తెలిసేది కూడా మనకే. నమ్మరా? అయితే మా ఇంట్లో జరిగింది చెబుతాను, వినండి.

మేముండేది మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీలో. ఓ రోజు ముగ్గు పెడుతూ చూద్దును కదా, కారు ముందు భాగం కింద బండ మీద అరచెయ్యంత మరక. లేత ఆకుపచ్చ రంగు. వేలితో తాకితే జిగట. వాసన చూస్తే పాకంలా తియ్యని వాసన. వెంటనే చెయ్యి సబ్బుతో కడుక్కుని మావారితో చెప్పాను. "ఏసీ నీళ్లేలే!" అన్నారు పేపర్లోంచి తలెత్తకుండా. ఏసీ నీళ్లకి రంగెక్కడిది, వాసనెక్కడిది? ఆ మాటే అన్నాను. మెకానిక్‌ని అడిగితే, చూడకుండానే "కాసిని నీళ్లు పోసి నడిపించండి సార్" అన్నాడట. సరే, మన మాట ఎవరు వింటారు?

ఆ ఆదివారం అత్తయ్యగారిని, పాపని తీసుకుని యాదగిరిగుట్ట బయలుదేరాం. ఘట్‌కేసర్ దాటామో లేదో వేడి ముల్లు ఎర్ర గీత మీదికి ఎక్కేసింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. మావారు కంగారుగా దిగి బానెట్ ఎత్తి, చేతిరుమాలు మడిచి రేడియేటర్ మూత మీద చెయ్యి వేశారు. నేను గబుక్కున ఆ చెయ్యి పట్టుకుని ఇవతలికి లాగేశాను. "విజిల్ దిగని కుక్కరు మూత తీస్తామా ఎక్కడైనా?" అని అరిచేశాను కూడా. పక్కనే పాప నిలబడి ఉంది మరి! ఇప్పటికీ తలుచుకుంటే నా గుండె దడదడలాడుతుంది.

నేనేమీ ఇంజనీరింగ్ చదవలేదు. కానీ కుక్కరు సంగతి మనకు తెలియదా? మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. కుక్కర్లో ఆవిరి ఒత్తిడి వల్ల సుమారు 120 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. రేడియేటర్ కూడా అంతే. మూత బిగుతుగా ఉండి ఒత్తిడి నిలిపినంతసేపూ లోపలి ద్రవం మరగదు. వేడి మీద మూత తీశారో, ఒత్తిడి ఒక్కసారిగా పోయి సలసల మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ఎంతమంది చేతులూ మొహాలూ అలా కాలాయో!

ఆ రోజు ఏసీ, ఇంజన్ ఆపేసి, చెట్టు నీడన కూర్చున్నాం. చివరికి మేం గుట్ట బస్సెక్కాం, మావారు కారుని వేరే బండికి కట్టించి ఇంటికి లాగించుకొచ్చారు.

మర్నాడు పక్కింటి బాబాయిగారు వచ్చారు. మౌలాలి లోకో షెడ్డులో డీజిల్ ఇంజన్లు బాగు చేసి రిటైరైన మనిషి. "అమ్మాయ్, రైలింజనైనా కారింజనైనా వేడిని నీళ్లే మొయ్యాలి" అన్నారు. కాలిన పెట్రోలు వేడిలో సుమారు మూడో వంతు ఈ కూలెంటే బయటికి మోసుకుపోవాలట. మన మౌలాలిలో 1971లో పెట్టిన న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్సు సంగతి తెలుసుగా? అక్కడి ఇంధనం వెళ్లే అణు రియాక్టర్లలోనూ ఇదే సూత్రం. మన దేశంలో చాలా రియాక్టర్లలో ఆ వేడిని మోసేది భారజలం. వేడి పుట్టిన చోట దాన్ని మోసుకుపోయేవాడు లేకపోతే కొంప మునిగినట్టే!

బాబాయిగారు పరీక్ష మొదలుపెట్టారు. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉంది. ముందు తెల్ల ప్లాస్టిక్ డబ్బా చూశారు. దాని మీద ఎక్కువ, తక్కువ అని రెండు గీతలుంటాయి. నీరు కింది గీతకన్నా దిగువన ఉంది. తర్వాత ఆయిలు పుల్ల తీసి చూశారు. ఆయిలు పాలు కలిసిన కాఫీలా ఉంటే, పొగగొట్టంలోంచి తెల్లని పొగ ఆగకుండా వస్తుంటే, ఇంజన్ హెడ్డు కింది గ్యాస్కెట్ పోయి ఉండవచ్చట. అది పెద్ద ఖర్చు. మా అదృష్టం, అలా లేదు. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉందేమో తడిమారు. తడిగా ఉండి, తియ్యని వాసన వస్తే హీటర్ లీకన్నమాట. అదీ లేదు.

ఇక రబ్బరు గొట్టాలన్నీ పొడిగుడ్డతో తుడిచి, కింద తెల్ల అట్ట పరిచారు. డబ్బాలో కూలెంటు పోసి ఇంజన్ స్టార్ట్ చేసి, టార్చిలైటుతో చూస్తూ కూర్చున్నారు. పది నిమిషాలకి అట్ట మీద టప్పున ఒక చుక్క! కింది గొట్టం క్లాంపు దగ్గర రబ్బరు ఎండి పగిలింది. చుట్టూ ఆకుపచ్చ పొరకట్టి ఉంది. ఆ పొరే దొంగ అడుగుజాడ అన్నమాట.

ఈసారి వేరే మెకానిక్ వచ్చాడు. మూత స్థానంలో చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి ఎక్కించాడు. ముల్లు మెల్లగా పడిపోయింది. కొత్త గొట్టం, కొత్త క్లాంపు వేసి, మళ్లీ ఎక్కిస్తే నిలబడింది. గొట్టాల్లో గాలి పోయేదాకా ఇంజన్ నడిపి కూలెంటు నింపాడు. హెడ్డు విప్పాల్సి వచ్చుంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఇదొక లెక్కా?

మా అత్తయ్యగారు మాత్రం, "పూర్వం లారీ డ్రైవర్లు పసుపు పోసేవారు కదర్రా?" అన్నారు. నిజమే, లీకు కాసేపు ఆగవచ్చు. కానీ ఆ పసుపు సన్నని గొట్టాల్లో చేరి మేట వేస్తుంది. పసుపుని పులిహోరలోనే ఉంచుదాం!

ఈ నాలుగూ గుర్తుంచుకోండి:

1. కారు కింద వారానికోసారి పాత అట్ట పరిచి ఉదయం చూడండి. రంగులేని, వాసనలేని నీరైతే ఏసీది. ఆకుపచ్చ, గులాబీ, నారింజ, నీలం రంగుల్లో జిగటగా, తియ్యని వాసనతో ఉంటే కూలెంటు. నల్లగా జిడ్డుగా ఉంటే ఇంజన్ ఆయిలు.

2. ముల్లు ఎర్రగీత తాకితే బండి పక్కకు ఆపి ఇంజన్ ఆపండి. అరగంట, అవసరమైతే ఇంకా ఎక్కువసేపు చల్లారనివ్వండి. వేడి ఇంజన్లో చన్నీళ్లు గుమ్మరించకండి, ఇనుము పగలవచ్చు.

3. బోరు నీళ్లు పోయకండి. గీజర్లో పేరుకునే తెల్లని పొర రేడియేటర్లోనూ పేరుకుంటుంది. బండి పుస్తకంలో చెప్పిన కూలెంటే వాడండి. కలపాల్సి వస్తే డిస్టిల్డ్ వాటర్ కలపండి.

4. ఇది అన్నిటికన్నా ముఖ్యం. చాలా కూలెంట్లలో ఉండేది ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలూ కుక్కలూ నాకే ప్రమాదం ఉంది. మరక కనిపిస్తే సబ్బునీళ్లతో కడిగేయండి. మిగిలిన కూలెంటుని కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచకండి. పొరపాటున ఎవరైనా తాగితే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇప్పుడు మావారు రోజూ పొద్దున్నే, "ఏమోయ్, ముగ్గు దగ్గర మరకేమైనా ఉందా?" అని అడిగి గానీ తాళం చెవులు తీయడం లేదు. రేపు పొద్దున్న మీరూ ఓసారి కారు కింద తొంగిచూడండి మరి!