మన నొప్పికి పర్సెంటేజీ లేదా?

సార్వా ఊడ్పుల రోజుల్లో అత్తిలి చుట్టుపక్కల ఏ చేలోకైనా చూడండి. బురదలో ఆడకూలీలు వరసగా నడుం వంచి ఉంటారు. పొద్దున వంగిన నడుం మధ్యాహ్నం కేరేజీ విప్పేదాకా లేవదు. ఆ వరసలో ఎక్కువమంది ఏ పేట నుంచి వచ్చారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఈ డెల్టాని అన్నపూర్ణ అంటారు. ఆ అన్నం వెనక ఎన్ని నడుములు అరిగాయో మాత్రం ఎవరూ లెక్క రాయరు.

మా మేనత్త 40 ఏళ్ళు ఊడ్పులకి వంగింది. పొలం పని మానేసి ఆరేళ్ళయింది గానీ నొప్పి మానలేదు. నడుం దగ్గర మొదలై పిక్క దాకా మంటలా దిగుతుంది. రాత్రి నిద్ర లేదు. ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు ఫిల్ము లైటుకి ఎత్తిపట్టి చూసి, "ఎముక బాగానే ఉంది. ఏం లేదమ్మా, వయసు" అన్నాడు. తిరిగొస్తుంటే దారిలో ఆవిడ అడిగింది: "ఏం లేకపోతే, మరి ఇదేంట్రా?"

ఆ ప్రశ్నకి జవాబు ఉంది. ఫిల్ములో ఎముక కనపడుతుంది, నొప్పి కనపడదు. మూడు నెలలు దాటి ఉండిపోయే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో దానికి విడిగా చోటు ఇచ్చారు. అంటే అది సోమరితనం కాదు, నటన కాదు, వైద్యం చెయ్యాల్సిన రోగం.

వైద్యం ఏముంది? చాలా ఉంది. మందులున్నాయి, కసరత్తులున్నాయి. వాటితో లొంగని కొన్ని నరాల నొప్పులకి పెరిఫెరల్ నెర్వ్ స్టిమ్యులేషన్ అనేది ఒకటుంది. పేరు చూసి బెదరక్కర్లేదు. నొప్పి మోసే నరం పక్కన సన్నటి తీగ పెట్టి చిన్న కరెంటు పంపడమే అది.

దాని కిటుకు మనకి తెలిసిందే. గట్టు మీద జారి మోకాలికి దెబ్బ తగిలితే ఏం చేస్తాం? చేత్తో గబగబా రుద్దుతాం. కాస్త తగ్గుతుంది. ఎందుకు తగ్గుతుంది? నొప్పిని మోసేవి సన్న నరపోగులు, తాకిడిని మోసేవి లావు పోగులు. వెన్నుపాములో తలుపులాంటిది ఒకటుందనీ, లావు పోగులు కదిలితే ఆ తలుపు కొంత మూసుకుని నొప్పి కబురు మెదడుకి తగ్గి చేరుతుందనీ 1965లో మెల్‌జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చెప్పారు. ఆ లెక్కలో కొన్ని వివరాలు తరవాత మారాయి గానీ దారి చూపించింది అదే.

1967లో ఈ వాల్, స్వీట్ అనే సర్జను కలిసి ముందు తమ మొహంలోని నరాల మీదే కరెంటు పెట్టుకుని చూశారు. తరవాత 8 మంది రోగులకి పెట్టారు. వాళ్ళలో నరాల జబ్బు ఉన్న నలుగురికి రెండు నిమిషాల కరెంటుతో అరగంట పైన నొప్పి తగ్గింది. ఈనాటి వైద్యం అక్కడ మొదలైంది. ఇప్పుడు పెద్ద కోత లేకుండా, స్కానింగులో చూస్తూ, సూదితో తీగ దింపుతారు. కొన్ని రకాలు 60 రోజులుంచి తీసేస్తారు, కొన్ని లోపలే ఉంచుతారు. కాలో చెయ్యో తీసేసిన తరవాత వచ్చే నొప్పికీ, పక్షవాతం తరవాత వచ్చే భుజం నొప్పికీ, దెబ్బతిన్న నరం నొప్పికీ వాడుతున్నారు. అందరికీ పనిచెయ్యదు. తీగ జరగొచ్చు, చీము పట్టొచ్చు. అందుకే లోపల ఉంచే రకానికి ముందు పరీక్షగా పెట్టి చూస్తారు. ఖర్చు లక్షల మాట. ఊడ్పుల కూలి మీద బతికేవాళ్ళు ఆ గడప తొక్కలేరు.

దీనికి పేద చుట్టం ఒకటుంది, టెన్స్ మిషను. చర్మం మీద పట్టీలు అంటించి కరెంటు ఇస్తుంది. ధర వేలల్లో ఉంటుంది. కొందరికి, అది నడుస్తున్నంతసేపు ఉపశమనం. అంతకు మించి రోగం కుదిర్చేది కాదు. "కరెంటు పెడితే నడుం నొప్పి జన్మలో రాదు" అని ఊళ్ళోకొచ్చి బెల్టులు అమ్మేవాణ్ణి నమ్మకండి. గుండెలో పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు పెట్టుకోకూడదు. గర్భిణులు డాక్టర్ని అడగకుండా వాడొద్దు. అలాగే నొప్పి ఇంజెక్షనూ బిళ్ళా రోజూ వాడితే కడుపులో పుండు పడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. నడుం నొప్పితో పాటు కాళ్ళు పడిపోతున్నా, ఒంటేలు ఆగిపోయినా ఆ పూటే పెద్దాసుపత్రికి వెళ్ళండి.

ఇప్పుడు అసలు సంగతి. నరానికి కరెంటు పెట్టి చూసిన ఆ 1967లోనే జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక సిఫారసు చేసింది: మగ కూలి మోసే బరువు 55 కేజీలు దాటకూడదని. అప్పటికీ ఆ తరవాతా మా నాన్న తరం ముఠా కూలీలు 75 కేజీల ధాన్యం బస్తా వీపున వేసుకుని లారీ బల్ల ఎక్కారు. ఇప్పుడు బియ్యం బస్తా 50కి వచ్చింది. అంటే తగ్గించడం సాధ్యమే కదా! వీపు విరిగాక లక్షల తీగ పెట్టడం ఒక వైద్యం. విరగకముందే బస్తా తగ్గించడం ఇంకో వైద్యం. రెండోది చవక. అయినా తగ్గడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది? మోసే వీపు ఎవరిదో చూస్తే అర్థమవుతుంది.

"వాళ్ళది మొద్దు ఒళ్ళు, వాళ్ళకి అలవాటే" అనే మాట మనం వినలేదా? ఇది మన ఊరి జబ్బే కాదు. అమెరికాలో 2016లో తెల్ల వైద్య విద్యార్థుల్నీ జూనియర్ డాక్టర్లనీ అడిగితే, నల్లవాళ్ళ చర్మం మందమనేలాంటి అబద్ధాల్లో ఒక్కటైనా నమ్మేవాళ్ళు సగం మంది దాకా తేలారు. అలా నమ్మినవాళ్ళు నల్లవాళ్ళ నొప్పిని తక్కువగా కొలిచారు. అక్కడ రంగు చేసిన పని ఇక్కడ కులం చెయ్యదని ఎవరనగలరు?

చట్టం సంగతీ చూద్దాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు. నొప్పి ఒక్కటీ అందులో లేదు. 40 శాతం సర్టిఫికెట్టు ఉంటేనే లబ్ధి. కాలు లేకపోతే శాతం వేస్తారు. కాలు ఉండి, అది రాత్రంతా మండుతూ పనికి పోనివ్వకపోతే సున్నా!

అందుకని మనం అడగాల్సినవి ఇవి. తణుకు, తాడేపల్లిగూడెం ప్రభుత్వాసుపత్రుల్లో వారానికి ఒకరోజు నొప్పుల ఓ.పి. నడపాలి. అక్కడ ఫిజియోథెరపీ చేసే మనిషి, ఒక టెన్స్ మిషను ఉండాలి. తీగ అవసరమైన వాళ్ళని ఏలూరు పెద్దాసుపత్రి ద్వారా పంపించి, ఆ ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం భరించాలి. పనికి పోనివ్వని నొప్పిని వైకల్యం లెక్కలోకి తేవాలి. ఏ మిల్లులోనూ 50 కేజీలు దాటిన బస్తా మనిషి వీపు మీదికి ఎక్కకూడదు.

ఒక్కరు వెళ్ళి అడిగితే "వయసు" అంటారు. పేటకొక కాగితం పెట్టి, ఎవరికి ఎక్కడ నొప్పి, ఎన్నేళ్ళుగా, ఏం పని చేస్తే వచ్చిందో రాయండి. ఆ కాగితాలన్నీ కట్టగట్టి సూపరింటెండెంటు టేబుల్ మీద పెడదాం. మా మేనత్త పేరు మొదటి వరసలో రాస్తాను. ఏం లేదని అప్పుడు చెప్పమనండి చూద్దాం.