పెద్దలకు అనువైన ఇల్లు

వయసు మీదపడ్డాక కాలు జారడం సహజమేనని సరిపెట్టుకోవడం సమాజంలో పరిపాటి. ఈ భావన సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెల్లడించిన అంచనా ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వల్ల మరణిస్తున్నారు. వారిలో వృద్ధులే అధికం.

లోపం వృద్ధుల కాళ్లలోనే లేదు, ఇంటి నిర్మాణంలోనూ ఉంది. గరుకైన నాపరాళ్ల స్థానంలో నేడు నున్నని టైల్సు వచ్చాయి. చూపరుల మెప్పు కోసం వేసిన ఆ నునుపు, స్నానాలగదిలో సబ్బునీటితో కలిసి పెద్దవారి పాలిట శత్రువవుతోంది. అక్కడ ఆసరాగా పట్టుకొనేందుకు గోడకు ఒక్క కమ్మీ అయినా ఉండదు. వాస్తు పేరిట గోడలనే పడగొట్టించేవారు సైతం కమ్మీ బిగించడానికి వెనుకాడుతారు! రాత్రివేళ మరుగుదొడ్డి దారిలో చిన్న దీపమైనా వెలగదు. రక్తపోటు మందులు, నిద్రమాత్రలు వాడేవారికి దిగ్గున లేస్తే కళ్లు తిరగవచ్చు. మంచం అంచున కాసేపు కూర్చుని లేవడం క్షేమం.

ఒకసారి పడినవారిని కుటుంబసభ్యులు "మీరు కదలకండి, అన్నీ మేము చూసుకుంటాం" అంటూ మంచానికే పరిమితం చేస్తారు. అది ప్రేమే, సందేహం లేదు. కాని కదలిక తగ్గినకొద్దీ కండరాలు బలహీనపడతాయి, నడకలో పట్టు తప్పుతుంది, మళ్లీ పడే ప్రమాదం పెరుగుతుంది. తులసికోట చుట్టూ ప్రదక్షిణ చేయడం, పెరటిలో పూలు కోయడం వారికి వ్యాయామమే. వాటిని మాన్పించడం కంటే పెరటి మెట్ల పక్కన చేతిపట్టు అమర్చడం మేలు. తుంటి ఎముక విరిగితే చేయించే శస్త్రచికిత్సతో పోలిస్తే దానికయ్యే వ్యయం అత్యల్పం.