తొట్టిల సముద్రం పడ్తదా?

మొన్న అమెరికాల బిడ్డ దగ్గరికి పోయినప్పుడు ఓర్లాండోల సముద్ర జీవాల పార్కుకు తీస్కపోయిండ్రు. ఓర్కా నీళ్లల్లకెళ్లి ఎగిరి దుంకితే అందరితోటి నేను గూడ సప్పట్లు కొట్టిన. మనుమడు మాత్రం ఒక్కటే అడిగిండు: "తాతా, ఇది ఇంటికి ఎప్పుడు పోతది?" జవాబు చెప్పలేకపోయిన.

ఇదే ఊర్లె తిలికమ్ అనే ఓర్కా ఉండె. 1983ల ఐస్‌లాండ్ కాడ పిల్లగున్నప్పుడే పట్టిండ్రు. 2017ల సచ్చేదాక తొట్లల్లనే బతికింది. 2010ల ట్రైనర్ పానం తీసింది. తప్పు జీవిదా, తొట్టిదా? 2013ల వచ్చిన 'బ్లాక్‌ఫిష్' సినిమా ఇదే అడిగింది. జనం మండిపడ్డరు. 2016ల సీవరల్డ్ కంపెనీ ఇగ ఓర్కాలను పెంచి పిల్లలు పెట్టియ్యమన్నది. కానీ అప్పటికే ఉన్నయి తొట్లల్లనే ఉండిపోయినయి.

మన దేశం 2013లనే డాల్ఫిన్ పార్కులకు పర్మిషన్ ఇయ్యొద్దని రాష్ట్రాలకు చెప్పింది. మంచి పని. గని ఇక్కడ వద్దన్న ఆటనే మనం దుబాయ్‌ల, ఓర్లాండోల టికెట్ కొని సూస్తున్నం. గా ఆట నడిచేది మన పైసలతోనే. టికెట్లు తెగకుంటే ఆట ఆగుతది.

నేనైతే మళ్ల పోను. మనుమనికి ఇదే నా జవాబు.