నార తీసే చేతికి వాటా ఏదీ?

ఈసారి వాడరేవు వెళ్తే ఒడ్డున బోర్లించిన పడవను ఒకసారి వేలితో తట్టి చూడండి. చెక్క చప్పుడు రాదు. గాజు నార మీద రెజిన్ పూసి చేసిన పడవ అది. మనం ఫైబర్ బోటు అంటాం. 2004 సునామీ తర్వాత మన తీరంలో ఇవి బాగా పెరిగాయి. తేలిక, చెద పట్టదు, నిజమే. కానీ పగిలాక ఏం చేయాలి? కాలిస్తే విషపు పొగ, పూడిస్తే కుళ్లదు.

అందుకే ఇప్పుడు గాజు బదులు మొక్కల నార వాడదాం అంటున్నారు. అది గాజు నారలో దాదాపు సగం బరువే. యూరప్‌లో కార్ల తలుపుల లోపలి పలకల్లో అవిసె నార ఎప్పట్నుంచో వాడుతున్నారు. మన దగ్గరా పని జరిగింది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఎ. వరదరాజులు, ఆయన సహచరులు హిల్డెగార్డియా అనే అడవి చెట్టు నారతో ఇలాంటి పదార్థాలు చేసి పరీక్షించారు. ముంబైలోని సిర్కాట్ సంస్థ పత్తి కట్టెతో పలకలు చేసి చూపింది. గుంటూరు, ప్రకాశం చేలల్లో మనం పీకి పొయ్యిలో పెట్టే పత్తి కట్టే అది!

మంచిదే. అయితే రెండు మాటలు అడగాలి.

ఒకటి, దీన్ని ‘పచ్చ ప్లాస్టిక్’ అంటే గుడ్డిగా నమ్మొద్దు. నార మట్టిలో కలుస్తుంది, దాన్ని పట్టుకున్న మామూలు రెజిన్ కలవదు. పైగా నార నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. తలుపులకు, పలకలకు సరే. సముద్రంలో తిరిగే పడవకు గాజంత నమ్మకం ఇంకా లేదు.

రెండోదే అసలు సంగతి. ఏ నార ఎంత బరువు ఆపుతుందో ల్యాబులో యంత్రం చెప్పకముందే తెలిసినవాళ్లున్నారు. నల్లమల చెంచులు నార తాడు పట్టుకుని కొండచరియల్లోకి దిగి తేనె తీస్తారు. ఆ తాడు తెగితే ప్రాణమే పోతుంది. అంతకన్నా పెద్ద పరీక్ష ఏముంది? రేపు ఫ్యాక్టరీ వస్తే వాళ్లకు మిగిలేది మోపుకింత కూలేనా?

చట్టం మనవైపే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమష్టి హక్కు ఇచ్చింది. అడవి బయట ఉండే మన యానాదుల సంగతేంటి? 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో కమిటీ ఉండాలి, ఊరి మొక్కలు, వాటి గురించి ఊరికి తెలిసిన విషయాలు రిజిస్టర్‌లో ఎక్కాలి.

కాబట్టి ఈ వారం ఒక్క పని చేయండి. మీ పంచాయతీకి వెళ్లి ఆ రిజిస్టర్ చూపించమని అడగండి. అందులో మీ ఊరి నార మొక్కలున్నాయా? ఆ పని తెలిసిన పెద్దల మాట రాశారా? లేకపోతే దగ్గరుండి రాయించండి. నార తీసి, శుద్ధి చేసే యూనిట్ మన ఆడవాళ్ల సంఘాల చేతిలోనే ఉండాలని గ్రామసభలో తీర్మానం పెట్టించండి.

పచ్చి మోపు అమ్మితే మనం కూలీలం. శుద్ధి చేసిన నార అమ్మితే వ్యాపారంలో భాగస్తులం. ఏది కావాలో ఫ్యాక్టరీ రాకముందే మనం తేల్చుకోవాలి.