తొలి పందెమునకు ముందు

బెంగళూరు నగరమున 2008వ సంవత్సరమునుండి పది కిలోమీటర్ల పరుగు పందెమొకటి జరుగుచున్నది. 'వరల్డ్ టెన్‌కే' అని దానికి పేరు. దేశదేశములనుండి వచ్చిన మేటి పరుగువీరులు ఆ దూరమును ఇరువదియెనిమిది నిమిషములకు అటునిటుగా ముగింతురు. అదే దినమున, ఈ నగరపు వీధులలోనే, గుమాస్తాలు, గృహిణులు, పింఛనుదారులు, కళాశాల విద్యార్థులు వేలకొలదిగా పరుగెత్తుదురు. వారిలో పెక్కుమందికి గంటకు పైగా పట్టును. కొందరు సగము దారి నడచియే వత్తురు. ఇంతటి సంబరము మన వాకిట జరుగుచుండగా, మన పాఠశాల పిల్లలు త్రోవ ప్రక్కన నిలిచి చప్పట్లు చరచుటయే గాని, బయలుదేరు గీతకడ నిలుచుట మిక్కిలి అరుదు. ఈ విషయమై మాకు కొన్ని అభిప్రాయములు కలవు. వానిని విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును, మా తోటి ఉపాధ్యాయులకును ఈ పత్రికాముఖమున మనవి చేయుచున్నాము.

ఈ యేటి క్రీడోత్సవమున ఎనిమిది, తొమ్మిది తరగతులవారికి మూడు కిలోమీటర్ల పరుగొకటి చేర్చవలెనని మన పాఠశాల నిశ్చయించినది. ఎంపిక పోటీలు లేవు. ఇష్టమున్నవారెల్లరును పరుగెత్తవచ్చును. ప్రకటన వినిపించిన దినమున పేర్లిచ్చినవారు ఎప్పుడును ఇచ్చువారే: కబడ్డీ ఆడువారు, నూరు మీటర్ల పందెమున బహుమతులందుకొనువారు. తక్కినవారిని మేము ఒక్కొక్కరినే పిలిచి అడిగితిమి. కాళ్లలో సత్తువ లేదని ఒక్కరును చెప్పలేదు. "అందరూ చూస్తారు సార్" అని ఒక బాలుడనెను. "లాస్టు వస్తే నవ్వుతారు" అని మరియొకడు. "పెద్ద స్కూళ్లవాళ్లు కూడా వస్తారా సార్?" అని ఒక బాలిక మెల్లగా అడిగినది. ఈ కడపటి ప్రశ్న మా మనస్సును కలచినది.

అంతర పాఠశాలల పోటీలకు పిల్లలను తోడ్కొని పోయిన ఉపాధ్యాయులెవరికైనను ఆ ప్రశ్నలోని భావము తెలియును. ఒక ప్రక్క రంగురంగుల దుస్తులు, మెరయు బూట్లు, సొంత బస్సు, గలగలలాడు ఇంగ్లీషు. ఇంకొక ప్రక్క చెట్టు క్రింద గుంపుగా నిలిచి, తమలో తాము గుసగుసలాడుకొనుచు, పేరు పిలిచినప్పుడు ఒకరినొకరు ముందుకు త్రోసికొను మన పిల్లలు. ఈ నగరమున తెలుగు మాటలాడువారు లక్షలలో ఉన్నారు. తెలుగు మాధ్యమమున చదువువారు మాత్రము కొలదిమంది. కొలదిమందిగా ఉండువారికి వెనుక వరుసలో నిలుచుట ఒక అలవాటగును. జవాబు తెలిసియు చేయెత్తని పిల్లవాడును, పరుగెత్తగలిగియు పేరీయని పిల్లవాడును ఒక్కడే. కావున ఈ పరుగును మేము కేవలము వ్యాయామ విషయముగా ఎంచుటలేదు. తెలుగు చెప్పు ఉపాధ్యాయునకు పరుగుపందెముతో పనియేమి అని నవ్వువారికి ఇదియే మా సమాధానము.

మొదట భయమును గూర్చి. పందెమునకు ముందు గుండె దడదడలాడుట, అరచేతులు చెమర్చుట, కడుపులో త్రిప్పినట్లగుట పిరికితనపు గురుతులని పిల్లలు తలంచుచున్నారు. అది సరికాదు. మూత్రపిండములపై నున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను ద్రవమును నెత్తురులోనికి విడుచును; దానివలన గుండె వేగముగా కొట్టుకొని కండరములకు ఎక్కువ నెత్తురు పంపును. అనగా దేహము పరుగునకు సిద్ధమగుచున్నది. మనస్సు దానికి భయమని పేరు పెట్టుచున్నది, అంతే. హార్వర్డ్ విశ్వవిద్యాలయమున అలిసన్ వుడ్ బ్రూక్స్ అను పండితురాలు 2014లో ప్రకటించిన పరిశోధనలో ఇట్టి సమయమున 'నేను శాంతముగా ఉన్నాను' అని తమకు తాము చెప్పుకొన్నవారికంటె 'నాకు ఉత్సాహముగా ఉన్నది' అని చెప్పుకొన్నవారు పాటలోను, ప్రసంగములోను, లెక్కలలోను మెరుగుగా రాణించిరి. దడను అణచుట కష్టము. దాని పేరు మార్చుట సులభము.

ఈ దడ మేటివారికిని తప్పదు. విశాఖపట్టణపు జ్యోతి యర్రాజీ కథ మన పిల్లలు తెలిసికొనదగినది. ఆమె తండ్రి కాపలా ఉద్యోగి. 2023లో చైనాలోని హాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో నూరు మీటర్ల హర్డిల్సు తుదిపోటీ నాడు, ప్రక్క వరుసనున్న చైనా క్రీడాకారిణి తుపాకి మ్రోగకమునుపే కదలినది. అధికారులు జ్యోతిని కూడ దోషిగా ఎంచి తొలగింపబూనిరి. పరాయి దేశము, క్రిక్కిరిసిన మైదానము, చుట్టును తెలియని భాష. ఆమె వాదించినది, దృశ్యమును మరల చూడుడని పట్టుపట్టినది, తుదకు పరుగెత్తుటకు అనుమతి పొందినది. అంతటి కలవరము తరువాత అదే గీతకడ మరల వంగి నిలిచి, 12.91 సెకండ్లలో పరుగు ముగించినది. మూడవదిగా వచ్చినది గాని, ముందుగా కదలిన క్రీడాకారిణిని తరువాత తొలగించుటచే ఆమెకు రజతపతకము దక్కినది. పతకముకంటె ఆ కొన్ని నిమిషముల వాదనయే మాకు ఎక్కువ మెప్పు గొలుపుచున్నది. "నా తప్పు లేదు" అని నలుగురిలో చెప్పగల గొంతు మన పిల్లలకు కావలసియున్నది.

ఇక అభ్యాసము. తొలిదినముననే మూడు కిలోమీటర్లు పరుగెత్తబోయి, డొక్క పట్టుకొని కూలబడి, "ఇది నావల్ల కాదు" అని ఇంటికి పోవుటే సాధారణముగా జరుగుచున్నది. పరుగు రానివారికి నడకయే తొలిపాఠము. 1996లో అమెరికాలో జాష్ క్లార్క్ అను నాతడు ఏబదియేండ్లు దాటిన తన తల్లికొరకు తొమ్మిది వారముల పద్ధతి నొకదానిని ఏర్పరచెను. మొదటి వారమున అరువది సెకండ్లు మెల్లగా పరుగు, తొంబది సెకండ్లు నడక; ఇట్లు ఇరువది నిమిషములు; వారమునకు మూడు దినములు మాత్రమే. వారము వారమునకు పరుగు పెరుగును, నడక తరుగును. నేడు లోకమందంతటను లక్షలమంది దీనిని అనుసరించుచున్నారు. తల్లికి పనికివచ్చినది పదునాలుగేండ్ల పిల్లలకు పనికిరాకపోదు. నడుమ విశ్రాంతి దినములను సోమరితనమనుకొనరాదు. ఎముకలును కండరములును గట్టిపడునది ఆ దినములలోనే.

ఎంత వేగముగా పరుగెత్తవలెనని అడుగుదురు. చేతిగడియారము అక్కరలేదు. మన తెలుగు విద్యార్థులకు మేము చెప్పు కొలత ఇది: పరుగెత్తుచు వేమన పద్యమొకటి చదువుడు. ఒక్కొక్క పాదమును ఒక్కొక్క ఊపిరిలో చెప్పగలిగితిరా, వేగము సరిగానున్నది. పాదము నడుమ ఊపిరి తెగినచో తగ్గింపుడు. రాగము తీసి పాడగలుగుచున్నచో కొంచెము పెంచవచ్చును. ఆటవెలదికి ఇంతటి ఆరోగ్యోపయోగము కలదని ఛందోగ్రంథములు వ్రాసినవారు ఊహించి యుండరు.

ఈ నగరము పరుగునకు అనుకూలమైనది. సముద్రమట్టమునకు తొమ్మిదివందల మీటర్లకు పైగా ఎత్తుననుండుటచే వేసవి ఉదయములు కూడ చల్లగానుండును. మేము బోధనాశిక్షణ పొందిన పొరుగు రాష్ట్రపు కోస్తాసీమలో మే నెలలో ఉదయము ఆరింటికే చొక్కా తడిసి ముద్దయగును. అచటివారు తెల్లవారుజామున నాలుగింటికి లేచి చేయుపనిని ఇచటి పిల్లలు హాయిగా ఆరింటికి చేయవచ్చును. వాహనములు తిరుగని ఆదివారపు కబ్బన్ పార్కు కలదు. హైదరలీ 1760లో ఆరంభించిన లాల్‌బాగ్ కలదు. అందలి కొండరాయి వయస్సు మూడువందల కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాని వీధులలో గుంతలును, పగిలిన కాలిబాట బండలును, ఊరకుక్కలును కూడ కలవు. చీకటిలో ఒంటరిగా పరుగెత్తరాదు. ఇద్దరు ముగ్గురు కలిసి పోవలెను. ఆడపిల్లల విషయమున ఇంటినుండి ఒకరు తోడురావలెను. ఆ వచ్చిన తల్లియో అక్కయో ఊరక నిలువక తామును నడచినచో మరియు మేలు.

బూట్లు ఖరీదైనవి కానక్కరలేదు. వదులుగాక, బిగువుగాక, కాలికి అలవాటైనవి కావలెను. పందెము నాడు క్రొత్తబూట్లు తొడుగుట బొబ్బలను పిలుచుటయే. పరుగునకు రెండు గంటల ముందు రెండు ఇడ్డెనలో, ఒక అరటిపండో చాలును. ఉబ్బసమో గుండెజబ్బో ఉన్నవారు వైద్యుని అడుగక దిగరాదు. ఎవరికైనను ఛాతీలో నొప్పి గాని, కండ్లు తిరుగుట గాని కలిగినచో తత్‌క్షణమే నిలువవలెను. నిలుచుటలో అవమానము లేదు. ముందురాత్రి నిద్రపట్టకున్నను దిగులు పడవలదు, ఆ ముందు రాత్రులు బాగుగా నిద్రించి యున్న చాలును. మొదటి ఫర్లాంగున అందరును మిమ్ము దాటిపోవుదురు. పోనిండు. వారిలో సగముమందిని రెండవ కిలోమీటరులో నడచుచుండగా మీరు చూతురు.

ఇచట భాషను గూర్చి ఒక మాట చెప్పకుండ ఉండలేకున్నాము. పందెము త్రోవలో ఇరుప్రక్కల నిలిచిన కన్నడ సోదరులు "ఓడు! ఓడు!" అని కేకలు వేయుదురు. కన్నడమున ఓడు అనగా పరుగెత్తుమని. మన తెలుగున ఆ మాటకు పరాజయము పొందుమని అర్థము. క్రొత్తగా తెలుగు నాటినుండి వచ్చి చేరిన పిల్లవాడొకడు ఈ కేకలకు బిక్కమొగము వేసినాడని విని నవ్వుకొంటిమి. నవ్వు తరువాత ఆలోచన కూడ కలిగినది. అరవమునను పరుగునకు ఇదే మాట. ఒకే కుదురునుండి పుట్టిన అక్కచెల్లెండ్ర భాషలలో ఈ భేదమెట్లు వచ్చెను? యుద్ధమున పరుగెత్తినవాడే ఓడినవాడు గదా. ఆ సంబంధముచే అర్థము మారియుండునని మా ఊహ. ఏదెట్లున్నను, రెండు భాషల నడుమ పెరుగు మన పిల్లలకు ఆ కేక శాపము కాదు, దీవెన. ఆ కేక వేయువాడు మన ఊరుగాని, మన బడిగాని, మన మాధ్యమముగాని అడుగక వేయుచున్నాడు.

నవ్వుదురను భయమును గూర్చి. నవ్వువారు ఉందురు, లేరని పిల్లలకు అబద్ధము చెప్పరాదు. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామమున పుట్టిన జీవాంజి దీప్తి బుద్ధివికాసమున వెనుకబడిన బాలికయని ఊరివారి వెక్కిరింతలకు గురియైనది. ఆమె 2024లో పారిస్ పారాలింపిక్సులో నాలుగువందల మీటర్లను 55.82 సెకండ్లలో పరుగెత్తి కాంస్యపతకము తెచ్చినది. అయితే పతకము వచ్చినవారి కథలే చెప్పుచుండుట కూడ ఒక అన్యాయము. పతకము రానివారి మాట ఏమి? 1968లో మెక్సికో ఒలింపిక్సు మారథాన్‌లో డెబ్బదియైదుగురు బయలుదేరగా ఏబదియేడుగురు ముగించిరి. ఆ ఏబదియేడవవాడు టాంజానియా దేశపు జాన్ స్టీఫెన్ అఖ్వారి. దారిలో పడి మోకాలు గాయపడగా, కట్టుకట్టించుకొని, కుంటుచు, గెలిచినవాడు వచ్చిన గంటకు పైగా గడచిన తరువాత చీకటిపడిన మైదానమున అడుగిడెను. వెళ్లిపోగా మిగిలిన ప్రేక్షకులు లేచి చప్పట్లు కొట్టిరి. ఆ నాటి విజేత ఇథియోపియాకు చెందిన మామో వోల్డే. ఆ పేరు నేడెందరికి గురుతున్నది?

కనుక పాఠశాలలను మేము కోరునదొకటి కలదు. క్రీడోత్సవములలో మొదటి ముగ్గురు చేరగనే గీతకడ త్రాడు విప్పివేయుట, మైకులో తరువాతి పోటీని ప్రకటించుట మేము పలుచోట్ల చూచితిమి. నాలుగవవాడు వచ్చునప్పటికి అచట గీతయే ఉండదు. పిల్లవాడు ఎచట ఆగవలెనో తెలియక ఇటునటు చూచి, గుంపులో కలిసిపోవును. మరుసటి యేడు వాడు పేరీయడు. ఈ తప్పు పిల్లలది కాదు, నిర్వాహకులది. ఈ మారు మన మైదానమున కడపటి విద్యార్థి చేరువరకు త్రాడు విప్పరాదు. ప్రతివాని పేరును, పట్టిన కాలమును వ్రాసి వాని చేతికీయవలెను. తరువాతి యేడు తన కాలముతో తానే పందెము వేసికొనును. వ్యాయామోపాధ్యాయులవారు దీనికి అంగీకరించియున్నారు. సభాకార్యక్రమము అరగంట ఆలస్యమగునని కొందరు సణగుచున్నారు. ముఖ్య అతిథిగారు అరగంట కూర్చుండగలరు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పరీక్షల చదువు పాడగునని మీరు అభ్యంతరము చెప్పుచున్నారు. మేమడుగునది వారమునకు మూడు దినములు, దినమునకు అరగంట. ఆ అరగంట సెల్‌ఫోను నుండి తీసికొనవచ్చును. ఆడపిల్లకు పరుగేమిటని ఇప్పటికిని అనువారున్నారు. వారితో మేము వాదింపము. ఒక ఉదయము మైదానమునకు వచ్చి చూడుడని మాత్రము పిలుచుచున్నాము.

అభ్యాసము వచ్చు సోమవారము ఉదయము ఆరున్నరకు పాఠశాల మైదానమున మొదలగును. పేర్లిచ్చి వెనుకకు తీసికొన్నవారును రావచ్చును, పేరీయనివారును రావచ్చును. మేమును వత్తుము. నలుబదులు దాటిన ఉపాధ్యాయులు అరువది సెకండ్లు పరుగెత్తి తొంబది సెకండ్లు నడచుట చూచి నవ్వదలచినవారు ముందు వరుసలో నిలిచి నవ్వవచ్చును. పరుగు తరువాత అందరికిని రాగిజావ కలదు. ఎవరి గ్లాసు వారే తెచ్చుకొనవలెను.