సినిమా చూసిన మర్నాడు పొలానికి ఏ మనసుతో పోతున్నాం?



ఈసారి పురుగు గురించీ కాదు, ఎరువు గురించీ కాదు. సినిమాల గురించి రాస్తున్నా. "నీకేం పని లేదా" అంటారేమో. కోతలైపోయి, మళ్లీ దుక్కులు మొదలయ్యే లోపు దొరికే ఆ కాస్త ఖాళీలో మనోళ్లందరూ అరుగుల మీద కూర్చుని ఫోన్లో చూసేది సినిమాలే కదండీ. అందులో మన మీద తీసినవీ ఉంటాయి. వాటి గురించి నాకున్న అభిప్రాయం ఒకటి గట్టిగా చెప్పాలి.

రైతు మీద తీసిన సినిమా బాగుందా లేదా అన్నది, హాల్లో ఎంత ఏడ్చాం, ఎన్ని ఈలలేశాం అన్న దాన్నిబట్టి చెప్పకూడదు. మర్నాడు పొద్దున్నే పొలానికి ఏ మనసుతో పోయాం అన్న దాన్నిబట్టి చెప్పాలి. నా లెక్క అదీ.

మామూలు రైతు సినిమా ఎలా ఉంటదో మీకు తెలుసు. బీటలు వారిన నేల. ఆకాశం కేసి చూసే ముసలాయన. వెనకాల ఏడుపు సంగీతం. తర్వాత హీరో వస్తాడు, నాలుగు మాటలు దంచుతాడు, సమస్య తీరిపోద్ది. 'ఖైదీ నంబర్ 150' (2017), 'మహర్షి' (2019) చూసి నేనూ చప్పట్లు కొట్టాను. భూముల గొడవ, నీళ్ల గొడవ పెద్ద హీరోల నోట వస్తే నలుగురికీ తెలుస్తది, కాదనను. కానీ ఆ సినిమాల్లో గెలిచేది హీరో. మనం వెనక వరసలో చేతులు జోడించుకుని నిలబడతాం. బయటికొచ్చాక "మనకీ ఎవరో ఒకరు వస్తే బాగుండు" అన్న ఎదురుచూపు మిగులుద్ది. ఎదురుచూపుతో కలుపు పోదు కదా.

సినిమాయే కదా, వదిలెయ్ అనకండి. పదో తరగతి పిల్లోడు తెరమీద రైతుని ఎప్పుడు చూసినా చచ్చిపోయేవాడిగానో, చెయ్యి చాచేవాడిగానో చూస్తే, రేపు వాడు నాన్న వెంట పొలానికి వస్తాడా? పిల్లనిచ్చే వాళ్లూ అదే బొమ్మ చూస్తున్నారు. అన్నిటికంటే ముఖ్యం, అప్పుల్లో మునిగి రాత్రి నిద్రపట్టని మన పక్కింటాయన కూడా అదే చూస్తున్నాడు. రైతు కథకి చావు ఒక్కటే ముగింపు అని పదే పదే చూపిస్తే ఆయన మనసుకి ఏం చెబుతున్నట్టు? ఒకసారి ఆలోచించండి.

అందుకే నాకు నచ్చిన సినిమాలు, అవి నాలో ఏం మిగిల్చాయో చెప్తాను.

మొదటిది 'రోజులు మారాయి' (1955). తాపీ చాణక్య తీశారు, అక్కినేని, షావుకారు జానకి చేశారు. జమీందారుతో భూమి కోసం తలపడే రైతుల కథ. అందులో ఏరువాక పాట తెలియని తెలుగు రైతు ఉండడు. కొసరాజు గారు రాశారు, మాస్టర్ వేణు సంగీతం, హిందీకి వెళ్లకముందు వహీదా రెహమాన్ ఆడింది. ఆ పాటలో ఏడుపు లేదు చూడండి. గంప, చద్దిమూట, ముల్లుగర్ర అన్నీ సర్దుకుని పొలానికి బయల్దేరే హుషారు ఉంది.  పల్లెటూరి పని తెలిసిన మనిషి రాసిన పాట అది. జ్యేష్ఠ పౌర్ణమి దగ్గర పడి, మొదటి వాన పదును తగిలినప్పుడు ఆ పాట వింటే ఇప్పటికీ కాళ్లు నిలవవు నాకు. ఉత్సాహం అంటే అదీ.

రెండోది హిందీది, 'దో బీఘా జమీన్' (1953). బిమల్ రాయ్ సినిమా. ఇది ఉత్సాహం కాదు, గుండెల మీద బండరాయి. శంభు అనే చిన్న రైతు తన అప్పు 65 రూపాయలే అనుకుంటాడు. కోర్టుకెళ్లేసరికి అది 235 అవుద్ది. మూడు నెలలు గడువు. రెండు బీఘాల నేల కాపాడుకోవడానికి కలకత్తా పోయి రిక్షా లాగుతాడు. బల్రాజ్ సాహ్నీ లాగుతుంటే మన ఊపిరి ఆగిపోద్ది. చివరికి నేల పోతుంది, అక్కడ ఫ్యాక్టరీ లేస్తది. పిడికెడు మట్టి తీసుకుందామన్నా కాపలావాడు పడేయిస్తాడు.

ఇదీ ఏడిపించే సినిమానే, మరి ఎందుకు నచ్చింది అంటారా? ఇందులో ఏడుపుకి లెక్క ఉంది. 65 ఎలా 235 అయిందో కళ్లముందు పెడతాడు. ఆ సినిమా చూశాక నాకు జాలి కలగలేదు, జాగ్రత్త కలిగింది. పురుగుమందుల కొట్లో బిల్లు అడిగి తీసుకోవాలి, బ్యాంకు కాగితం చదివించుకుని సంతకం పెట్టాలి అనిపించింది. 70 ఏళ్ల కిందటి సినిమా చెప్పిన మాట ఇవాళ్టికీ పనికొస్తోంది.

మూడోది 'మదర్ ఇండియా' (1957). మెహబూబ్ ఖాన్ తీసింది. 500 రూపాయల అప్పుకి పంటలో నాలుగింట మూడు వంతులు వడ్డీ కింద పోతది. భర్త వదిలిపోయాక నర్గీస్ తనే కాడి భుజానికెత్తుకుని దున్నుతుంది. ఈ సినిమా చూశాక మన ఇంటి ఆడాళ్లని చూసే చూపు మారాలి. నాట్లు, కలుపు, కోత, పత్తి తియ్యడం, మిరపకాయ ఏరడం ఎవరు చేస్తున్నారు మన ఊళ్లో? పాసుపుస్తకం మీద పేరు ఎవరిది? రైతు అనగానే తలపాగా పెట్టుకున్న మగాడి బొమ్మే వేస్తారు ఎందుకు? నాకు ఆ సినిమా మిగిల్చింది కోపం. పనికొచ్చే కోపం.

'మా భూమి' (1979) గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. గౌతమ్ ఘోష్ తీసిన తెలంగాణ పోరాట కథ. వెట్టి అంటే ఏంటో మన పిల్లలకి పుస్తకం కంటే ఆ సినిమా బాగా చెప్పుద్ది.

తర్వాత 'పీప్లీ లైవ్' (2010). నవ్వుకుంటూ చూస్తాం, చివర్లో నవ్వు గొంతులో ఇరుక్కుంటుంది. నత్థా అనే రైతు చనిపోతాడా లేదా అని టీవీ వాళ్లంతా ఊళ్లో మకాం వేస్తారు. అదే ఊళ్లో ఇంకో ముసలి రైతు, హోరీ మహతో, బతుకుతెరువు కోసం మట్టి తవ్వుకుంటూ ఆ గోతిలోనే ప్రాణం వదుల్తాడు. ఒక్క కెమెరా కూడా అటు తిరగదు. మన చావు వార్త, మన కష్టం వార్త కాదు అని ఇంత సూటిగా చెప్పిన సినిమా ఇంకోటి నేను చూడలేదు. ఇది చూశాక, టీవీ వాళ్ల కంటే ముందు మనమే పక్క పొలం ఆయన్ని పలకరించాలనిపిస్తది.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైంది తమిళ సినిమా, 'కడైసి వివసాయి' (2022). అంటే చివరి రైతు అని. మణికందన్ తీశాడు. హీరో ఎవరనుకున్నారు? నల్లాండి అనే నిజం రైతు, 80 దాటిన తాత. సినిమా విడుదలయ్యేలోపే కాలం చేశారు పాపం. తర్వాత జాతీయ అవార్డుల్లో ఆయన్ని ప్రత్యేకంగా గుర్తించారు, సినిమాకి ఉత్తమ తమిళ చిత్రం అవార్డు వచ్చింది.

కథ చాలా చిన్నది. ఊరి దేవుడి కొలుపుకి కొత్త వడ్లు కావాలి. ఊళ్లో ఇంకా సాగు చేస్తున్నది ఈ తాత ఒక్కడే. నారు పోస్తాడు. ఇంతలో పొలంలో నెమళ్లు చచ్చిపడి ఉంటే పాపం అని పూడ్చిపెడతాడు. నెమళ్లని చంపాడని కేసు పెట్టి లోపలేస్తారు. నెమళ్ల బెడద ఉన్న మనకి ఈ గొడవ విడమర్చి చెప్పాలా? తాత కోర్టులో తన గురించి బాధపడడు. "నా పైరు ఎండిపోతుంది, నీళ్లు పెట్టాలి" అదొక్కటే ఆయన గోల. చివరికి ఆ పైరుకి నీళ్లు పెట్టే పని ఒక కానిస్టేబుల్ మీద పడుద్ది.

ఆ తాత ఒక్కసారి కూడా "నేను అన్నదాతని" అనడు. ఉపన్యాసం ఇవ్వడు. పొద్దున లేస్తాడు, పశువుల్ని చూసుకుంటాడు, మడికి నీళ్లు కడతాడు. ఆయన నడక, చెయ్యి పడే తీరు చూస్తే పని తెలిసిన మనిషి అని మనకి ఇట్టే తెలిసిపోద్ది. పట్నం నటుడు పార పట్టుకుంటే ఎలా ఉంటదో మనం చూస్తూనే ఉన్నాం కదా. తమిళం రాకపోయినా ఈ సినిమా అర్థమవుద్ది. చూశాక నాకు కలిగింది నిమ్మళం. మర్నాడు నీళ్లు కట్టడానికి పోతుంటే ఆ పనికే ఒక విలువ ఉన్నట్టు అనిపించింది. ఎవరూ చప్పట్లు కొట్టకపోయినా సరే.

ఇప్పుడు నా సలహా ఒకటి. 'బలగం' (2023) వచ్చినప్పుడు గుర్తుందా, తెలంగాణలో ఊరూరా తెరలు కట్టి అందరూ కలిసి చూశారు. నల్లిబొక్క దగ్గర మొదలైన పంతం కుటుంబాన్ని ఎలా చీల్చిందో చూసి పెద్ద పెద్ద మగాళ్లు కళ్లు తుడుచుకున్నారు. గట్టు తగాదాలతో మాట్లాడుకోని అన్నదమ్ములు మన ఊళ్లోనూ ఉన్నారు. ఫోన్లో ఒక్కడే కూర్చుని చూస్తే ఆ ప్రభావం రాదు. పదిమందిలో కూర్చుని చూడాలి, చూశాక అరుగు మీద దాని గురించి మాట్లాడుకోవాలి.

ఈ ఎండాకాలం మనం కూడా అదే చేద్దాం. పంచాయతీ ఆఫీసు ముందు ఒక తెర, ఒక ప్రొజెక్టర్ అద్దెకి తెస్తే చాలు. వారానికొక సినిమా. ఆడాళ్లు, పిల్లలు ముందు వరసలో కూర్చోవాలి. హిందీ, తమిళం వస్తే తెలిసిన కుర్రాళ్లు మధ్యలో చెప్తారు. మన పిల్లలు రైతుని ఏడ్చేవాడిగానే కాదు, లెక్క అడిగేవాడిగా, పని తెలిసినవాడిగా కూడా ఒకసారి తెరమీద చూడనివ్వండి.

మీకు నచ్చిన రైతు సినిమా ఏది? చూశాక మర్నాడు ఏమనిపించింది? కింద రాయండి. ఎక్కువమంది చెప్పిన దాంతోనే మొదలుపెడదాం.